అర కోరు

నారాయణపేటల చెన్నబసప్ప చీరెల దుకాణం
మూడంతస్తులు లేసింది.
గోడలకు తడి సిమెంటు వాసన ఇంక వోలేదు.
మెట్లకింద ఖాళీ డబ్బ మీద కాయితం వరిచి
నేను కరెంటు లెక్క రాస్తున్న.

లిఫ్టు ఏడున్నర హార్సు.
ఏసీలు పద్నాలుగు.
బోరు మోటరు, ఫాల్సు కుట్టే మిషన్లు ఆరు,
ఎర్రంచు ఇంకింత ఎర్రగ కనవడాలని
అద్దాల ముందర తగిలించే లైట్లు,
అవి దినాం పెరుగుతనే ఉన్నయి.
అన్ని కలిపితే డెబ్బయెనిమిది కిలోవాట్లు.
అన్ని ఒక్కపారి నడువయి గదా అని
అరవై రెండుకు దించిన.
అంటే తీగల నూటొక్క ఆంపియరు.

సావుకారి కండ్లద్దాలు నొసటి మీదికి నూకి
"ముప్పయైదు సైజుది నూటపది మోస్తదంట గద మియా,
ఇంక తొమ్మిది మిగుల్తది" అన్నడు.
ఆయన తప్పు చెప్పలే.
పుస్తకంల గట్లనే ఉంటది.

పుస్తకం నలభై డిగ్రీల నీడల కూసోని రాసింది.
మా మే నెల నీడ నలభై ఐదు.
రేకు తట్టల మూడు కేబుళ్లు పక్కపక్క పండుకుంటే
ఒకదాని ఉడుకు ఇంకొకదానికి.
ట్రాన్స్‌ఫార్మరేమో నూటెనభై మీటర్ల అవతల,
పశువుల దవాఖాన గోడకాడ.
సన్నతీగల నడిచొస్తే
ముప్పై వోల్టులు తొవ్వలనే పోతయి,
లిఫ్టు దగ్గరికి కరెంటు పస్తుతోని వస్తది.

"తొమ్మిది మిగలది సావుకారి.
తొమ్మిదిని ఎండ మింగుతది."

నమ్మలే.
బల్ల మీది చీరె మడత ఒకటి ఇప్పిన.
"జరీ అంచు గింత బరువుగ వెట్టి
ఒంటికి పడుగు పలచగ వోస్తే ఏమైతది?"
"మూడో ఉతుకుడుకు అంచుకాడ చీల్తది"
అన్నంక ఆయనకే నవ్వొచ్చింది.
డెబ్బై సైజుకు ఒప్పుకున్నడు.

ఒప్పుకొని, "మూడున్నర కోర్లది తెప్పిస్త" అన్నడు.
మూడు ఫేజులకు మూడు నిండు తీగలు,
న్యూట్రలుకు సగం.
పాత రోజులల్ల సరే.
ఎర్రది, పసుపుది, నీలిది
ఒకదాని బరువు ఒకటి కొట్టేసుకుంటే
వాపసు మోసెటందుకు ఎక్కువేం ఉండకపోయేది.
గీ కొత్త లైట్లు, గీ ఏసీలు గట్ల కొట్టేసుకోవు.
మిగిలిందంత నల్లతీగనే
నెత్తినవెట్టుకొని ఎనుకకు మొయ్యాలె.

మక్తల్ల ఒక కాంప్లెక్సుకు నేనే సగం వేసిన,
పన్నెండేండ్ల కింద, ఓనరు అడిగిండని.
రెండో ఎండకాలం నల్లది తెగింది.
రెండొందల నలభై రావాల్సినకాడ
మూడొందల డెబ్బై.
మందుల దుకాణం ఫ్రిజ్జు పోయింది,
దాంట్ల ఇన్సులిన్ సీసాలు పోయినయి.
ఎవలు సావలే. నన్నెవలు తిట్టలే.
గని ఆ మాడిన ప్లాస్టిక్కు వాసన,
దావత్‌ల బగారన్నం డేగిస మూత తీసినా
నాకు అదే ముందుగాల వస్తది.

రాయిచూరు నుంచి డ్రమ్ము దిగింది.
పక్కకు సుద్దతోని మూడున్నర అని రాసుంది.
ఇసుకల ఒక్కడే దొర్లిస్తున్నడు కుర్మయ్య.
గుంత తవ్వేది ఆడే, గోడ కొట్టేది ఆడే,
పనైనంక మిగిలిన సామానంత
గోదాముకు వాపసు మోసేది ఆడే.
ఆరేండ్లయింది. ఇంక హెల్పరే.
నా కూలిల సగం.

సంతకం వెట్టనని చెప్పిన.
నా సంతకం లేంది మీటరు రాదు.
సావుకారి గొణిగిండు, ఎవలికో ఫోను చేసిండు,
లారీ కిరాయి నా ఖాతల రాసిండు.
రాసుకోమన్న.
నాలుగు నిండు కోర్లది బేస్తారం వచ్చింది.

ఆ పొద్దుమూకి కుర్మయ్య చేతుల పైసలు వెట్టిన.
లెక్కవెట్టుకున్నడు.
తప్పొచ్చిందనుకొని
మల్ల లెక్కవెట్టుకున్నడు.
సగం తీసి
నా దిక్కు చాపిండు.